ఎర్ర చుక్క మోటార్లు

చెడ్డ కరెంటుకు సరిపోయేలా చుట్టిన మోటారు మంచి కరెంటు వచ్చిన రోజున కాలిపోతే, ఆ తప్పు ఎవరిది? పదమూడేళ్లు దాన్ని కాలకుండా కాపాడిన చేతిదా? పదమూడేళ్లు సరైన కరెంటు పంపని వాళ్లదా? పుస్తకం తెరిచి ఆ ఉపాయం చదివి వినిపించిన నాదా? జీవితమంతా పుస్తకాల మధ్యే గడిపాను. దీనికి మాత్రం జవాబు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. వీరమ్మను అడిగితే విసుక్కునేది. "తప్పెవరిదైతేంది సారూ? మోటారు కాలకుండ చూడాలె గని" అనేది.

దంతాలపల్లి శాఖా గ్రంథాలయంలో నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. దంతాలపల్లి అప్పటికింకా మండలం కాలేదు. గ్రంథాలయం గోడకు ఆనుకునే వీరమ్మ షాపు ఉండేది. దానికి బోర్డు లేదు, గుమ్మం పైన సున్నంతో రాసిన 'మోటార్ వైండింగ్' అన్న రెండు మాటలే. అవి రాసింది ఆమె భర్త భిక్షపతి. పొలాల్లో కాలిపోయిన మోటార్లు ఊడదీసి తేవడం, బాగయ్యాక తీసుకెళ్లి బిగించడం అతని పని. లోపల రాగి తీగ చుట్టడం ఆమె పని. మాట్లాడడం కూడా అతని పనే.

షాపుకూ నా చదువు గదికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడలోంచి రోజంతా ఆమె లెక్క వినబడేది. చెక్క ఫ్రేము మీద తీగ చుడుతూ పైకే లెక్కపెట్టేది. ఎవరు పిలిచినా చేయి ఆగేది కాదు, లెక్క తప్పేది కాదు. "వీరక్కా, ఉన్నవా?" అని ఎవరైనా గుమ్మంలో నిలబడితే, "నలభై ఎనిమిది, ఉన్న, కూసో, నలభై తొమ్మిది" అనేది. పత్రికలు చదవడానికి వచ్చేవాళ్లకు మొదట్లో ఇది విసుగ్గా ఉండేది. తర్వాత తర్వాత ఆ లెక్క వినబడకపోతేనే, ఇవాళ వీరమ్మకు ఒంట్లో బాగాలేదా ఏమిటని నన్ను అడిగేవారు.

ఆమె తాత మోట కొట్టిన మనిషి. రెండు ఎడ్లు వాలులో దిగుతుంటే బావిలోంచి తోలు సంచి నీళ్లతో పైకి వచ్చేది. తండ్రి ఎడ్లను వదిలి ఇంజన్లు పట్టాడు. జనగామ స్టేషను దగ్గర ఒక మేస్త్రీ వద్ద ఆయిల్ ఇంజన్ పని నేర్చుకుని, ఊళ్లో డీజిలుతో నడిచే ఇంజన్లన్నింటికీ వైద్యుడయ్యాడు. వీరమ్మకు తొమ్మిదేళ్లప్పుడే ఇంజను హ్యాండిలు ఏ క్షణాన వదిలిపెట్టాలో తెలుసట. ఆలస్యంగా వదిలితే మణికట్టు విరుగుతుంది. తర్వాత పొలాలకు స్తంభాలు వచ్చాయి. పెద్ద పెద్ద డ్యాముల నీటి కరెంటట అని జనం చూడ్డానికి వెళ్లారు. ఆయిల్ ఇంజన్లు గడ్డివాముల చాటుకు చేరాయి. తండ్రి ఖాళీ అయిపోయాడు. అప్పుడు వీరమ్మే, కాలిపోయిన మోటారును విప్పి ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టి చూసి, ఎవరూ చెప్పకుండా వైండింగ్ నేర్చుకుంది. ఆ తర్వాత డ్యాముల నీరు చాలక బొగ్గు కరెంటు ఎక్కువైంది. ఆమె తమ్ముడు రాజలింగానికి భూపాలపల్లి బొగ్గు బావిలో ఉద్యోగం దొరికింది.

"మా ఇంట్ల అందరం ఆ నీళ్లెనకాలనే నడిచినం సారూ" అంది ఒకసారి. "తాత ఎడ్లతోటి, నాయిన డీజిలుతోటి, తమ్ముడు బొగ్గుతోటి. నేనైతె గీ తీగతోటి."

తొంభై ఎనిమిదిలో అనుకుంటాను, కరెంటు బాగా పలచబడింది. పలచబడింది అన్నది ఆమె మాటే. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇరవై మోటార్లు ఉండాల్సిన చోట యాభై నడిచేవి. లైను చివర ఉన్న వాగొడ్డు తండాకు చేరేసరికి నాలుగు వందల పైచిలుకు ఉండాల్సిన వోల్టేజీ మూడు వందలు కూడా ఉండేది కాదు. మోటారు తిరగలేక మూలిగి మూలిగి కాలిపోయేది. ఆ తండా రైతు భద్రు ఒక్క ఎండాకాలంలో మూడుసార్లు అదే మోటారును ఎడ్లబండి మీద తెచ్చాడు. మూడోసారి మోటారు బండి మీంచి దింపకుండానే షాపు ముందు కూర్చున్నాడు. వీరమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది.

"సారూ, మోటారు ఎందుకు కాలుతదో గా పుస్తకాలల్ల ఉన్నదా?"

ఐటీఐ పిల్లలు చదివే పుస్తకం ఒకటి ఉంది. దుమ్ము దులిపి చదివి వినిపించాను. చుట్లు తగ్గించి, కొంచెం లావు తీగ వాడితే మోటారు తక్కువ వోల్టేజీకే బలంగా తిరుగుతుందని అందులో ఉంది. దాని కింది వాక్యం కూడా చదివాను. ఆ మోటారుకే పూర్తి వోల్టేజీ అందితే వేడెక్కి కాలిపోతుంది.

వీరమ్మ నవ్వింది. "పూర్తి కరెంటా? మన తండకా? అది మన మనుమలకొస్తది తియ్ సారూ."

నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

భద్రు మోటారును అలా చుట్టింది. అది మూడు వందల వోల్టేజీకే గిర్రున తిరిగింది. మళ్లీ కాలలేదు. తండాలో, చుట్టుపక్కల ఊళ్లలో లైను చివర ఉన్న రైతులు ఒక్కొక్కరే రాసాగారు. అలా చుట్టిన ప్రతి మోటారు మూత మీద ఆమె గోళ్ల రంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టేది. ఏది తక్కువ కరెంటు చుట్టో తనకు తెలియడానికే ఆ గుర్తు. చుక్క ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు మూతబడ్డాయి, బస్సులు ఆగాయి. బొగ్గు బావుల్లో పని ఆగింది. నేనూ సమ్మెలో ఉన్నాను. గ్రంథాలయానికి తాళం వేసి, పత్రికలు మాత్రం మెట్ల మీద పరిచేవాణ్ణి. మెట్ల మీద చదివితే సమ్మె ఉల్లంఘన కాదని మా ఊరి తీర్పు. ఎదురుగానే దీక్షా శిబిరం. అందులో భిక్షపతి గొంతు లేని పూట లేదు.

"తెలంగాణ వస్తె కంటిన్యూ కరెంటు! మోటారు కాలుడుండది, రైతు ఏడ్సుడుండది!"

వీరమ్మ అన్నం గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "మోటార్లు కాలకుంటె మనమేం తినాలె? జర అది గూడ చెప్పు మైకుల."

"షాపు మూసి ఇద్దరం టెంటు కింద కూసుందాం తియ్!"

"తెలంగాణ వచ్చినంక టెంటెందుకుంటది? అప్పుడు నువ్వు యాడ కూసుంటవ్?"

శిబిరమంతా నవ్వింది. భిక్షపతి కూడా మైకు పక్కకు తిప్పి నవ్వాడు.

భూపాలపల్లి నుంచి రాజలింగం వచ్చాడు. సమ్మె కాలం అక్క దగ్గర గడుపుదామని. నల్లగా, పొట్టిగా, ఊరికే కూర్చోలేని మనిషి. "పందొమ్మిదేండ్ల సంది పగలంత భూమి కిందనే ఉన్ననక్కా. ఎండల కూసుంటె కండ్లు మండుతున్నయి. ఏదన్న పని చెప్పు" అని రెండో రోజే అడిగాడు.

"పనా? నువ్వు బొగ్గు తియ్యకపోతివి, కరెంటు లేకపోయె. కరెంటు లేకుంటె మోటారెట్ల కాలుతది, నాకు పనెట్ల వస్తది?"

"సమ్మె జేస్తున్న తమ్మునికి చాయి పోస్తవనుకున్న. దెప్పుతున్నవా?"

సమ్మె మొదలై వారం కాకముందే, ఒక ఉదయం జిల్లా పేజీలో చిన్న వార్త కనబడింది. మా దగ్గర కొత్త సబ్‌స్టేషను పని పూర్తయిందట. సమ్మె ముగియగానే దానికి కరెంటు ఇస్తారట. ఇకమీదట లైను చివరి పొలం దాకా పూర్తి వోల్టేజీ. సంతోషంగా మెట్ల మీది నుంచే గట్టిగా చదివాను. లోపల వీరమ్మ తీగ చుడుతోంది. "ముప్పై ఆరు, ముప్పై ఏడు..."

లెక్క ఆగింది. అన్నేళ్లలో మొదటిసారి.

"పూర్తి అంటే ఎంత సారూ?"

"నాలుగు వందల పదిహేను."

ఆమె చుట్టిన తీగనంతా ఫ్రేము మీది నుంచి విప్పేసింది. "మొత్తం మల్ల మొదటి నుంచి చుట్టాలె" అంది. చేతిలోని కాయిల్ గురించి అంటోందనుకున్నాను. గుమ్మంలోకి వచ్చి నా ముఖం చూసినప్పుడు అర్థమైంది. ఎర్ర చుక్క మోటార్లన్నీ. సబ్‌స్టేషనుకు కరెంటు ఇచ్చిన గంటలోనే అవన్నీ కాలిపోతాయి. అప్పటికి వరి పొట్ట మీద ఉంటుంది. ఆ దశలో వారం రోజులు నీళ్లు లేకపోతే గింజ పాలు పోసుకోదు.

గోడకు ఆనుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఎవరెవరికి అలా చుట్టిందో పేర్లతో సహా గుర్తుంది ఆమెకు. ముప్పై ఒకటి.

"సమ్మె ఎన్ని దినాలుంటది సారూ?"

ఆ రోజుల్లో అందరూ అడిగే ప్రశ్నే అది. తొందరగా ముగియాలని కాక, ఇంకొన్నాళ్లు సాగాలని కోరుకుంటూ అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు ఆమె, రాజలింగం, నేను వాగొడ్డు తండాకు వెళ్లాం. పుస్తకం చదివింది నేనే కదా, ఇంట్లో కూర్చోలేకపోయాను. తండాలో తన మోటార్లు పదకొండు ఉన్నాయని ఆమె చెప్పింది. చుక్క చూసి విప్పుకురావడమే అనుకున్నాం. మొదటి బావి మోటారుకు చుక్క ఉంది. రెండోదానికీ ఉంది. మూడోదానికీ. నాలుగోది ఆమె ఎన్నడూ ముట్టనిది, దానికీ ఉంది. ఒకచోట కుంకుమతో, ఒకచోట తలుపులకేసే రంగుతో. ఒక మోటారుకైతే రెండు చుక్కలు. వాగు దాకా నడిచేసరికి ముప్పై దాటాయి.

భద్రు తువ్వాలతో మెడ తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. అప్పటికి నడివయసు దాటిన మనిషి.

"ఏంది భద్రూ గిది? అన్నిటికి చుక్కలెందుకున్నయి?"

"నీ చుక్క ఉన్న మోటారు కాలదు గదక్కా. అందుకని అందరు పెట్టుకున్నరు. మా గోరీ గోళ్ల రంగు సీస ఒక్క దినంల ఒడిసింది."

"గా రెండు చుక్కలేందే?"

"వాని మోటారు పెద్దది. ఏడున్నర హెచ్‌పీ."

రాజలింగం గట్టు మీద కూలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అక్కా, నువ్వు వైండింగ్ పెట్టుకున్ననంటివి. గుడి పెట్టుకున్నవా?"

వీరమ్మ నవ్వలేదు. సర్వీసింగ్ చేస్తానని, డబ్బులేమీ వద్దని, ఒక్కొక్క మోటారూ రెండు రోజులు ఇమ్మని అడిగింది. భద్రు ముఖం మారింది.

"రోజుకు మూడు గంటలు ఇస్తుండ్రు కరెంటు. గంట పోతె ఒక మడి ఎండుతది. మంచిగ తిరిగే మోటారు ఇప్పుతనంటివి. నీళ్లు నోటితోటి పోస్తవా అక్కా?"

తండా జనం చుట్టూ చేరారు. ఆమె ఏం చెబుతుందా అని నేను చూస్తున్నాను. ఏదైనా చెప్పవచ్చు. బేరింగు అరిగిందనవచ్చు, నీళ్లు చేరాయనవచ్చు. మోటారు సంగతిలో ఆమె మాటను కాదనేవాళ్లు అక్కడ లేరు.

"మోటారు మంచిగ లేదు భద్రూ" అంది. "నేనే అట్ల చుట్టిన. సగం ఆకలికి అలవాటు జేసిన. రేపు కొత్త సబ్‌స్టేషను నుంచి కడుపునిండ కరెంటు వస్తది. అది అరగక సస్తది. గా చుక్క దిష్టి చుక్క కాదు. గిది తక్కువ కరెంటు మోటారు అని నా గుర్తు."

వెనక నుంచి ఒకడన్నాడు: "అంటె పదమూడేండ్ల సంది మాకు చెడ్డ మోటారిచ్చినవా?"

"చెడ్డ కరెంటుకు మంచి మోటారే ఇచ్చిన. కురవి వీరన్న మీద ఒట్టు. గిప్పుడు మంచి కరెంటొస్తది, మంచి మోటారు గూడ నేనే ఇస్త. పైస వద్దు. జర నమ్మి ఇప్పనియ్యుండ్రి."

"నమ్ముతం గని, నీళ్లెట్ల?" అన్నాడు భద్రు. కోపంగా కాదు. అతను మొదటి నుంచీ అడుగుతున్నది అదొక్కటే.

అప్పుడు భద్రు భార్య గోరీ, చేతిలో కొడవలితో అప్పటిదాకా వింటున్న మనిషి, "మా మామ ఇంజను ఉన్నది గద" అంది.

"ఏ ఇంజను?" అన్నాడు భద్రు.

"నువ్వు పుల్లలు ఆరేసే ఇంజను."

దొడ్లో, కంది కట్టె కింద ఉంది అది. భద్రు తండ్రి కాలం నాటి ఆయిల్ ఇంజను, రెండు పెద్ద ఇనుప చక్రాలతో. కోళ్లు దాని మీదెక్కి పడుకునేవి. వీరమ్మ కట్టె పక్కకు తోసి, చీర కొంగు బిగించి, దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "గిది మా నాయిన బాగుజేసిన ఇంజనే" అంది. సిలిండరు మీద ఆయన కొట్టిన ఉలి గాటు చూపించింది. రెండు రోజులు పట్టింది దాన్ని విప్పి, తుప్పు గీకి, నూనెలు పోసి నిలబెట్టడానికి. మూడో రోజు పొద్దున రాజలింగం హ్యాండిలు పట్టుకున్నాడు.

"నేను చెప్పినప్పుడే ఇడువు" అంది వీరమ్మ.

"బొగ్గు బాయిల దీనికంటె పెద్ద పెద్ద మిషన్లు..."

"నోరు మూసి తిప్పు. తిప్పు. తిప్పు. ఇడువు!"

అతను వదలడం ఒక్క క్షణం ఆలస్యమైంది. హ్యాండిలు గుంజిన విసురుకు వెనక్కి పేడకుప్పలో పడ్డాడు. ఇంజను పట్టించుకోకుండా ఒకసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, టుక్కు టుక్కుమని అందుకుంది. తండా పిల్లలు అలాంటి చప్పుడు ఎన్నడూ వినలేదు. పెద్దవాళ్లు చాన్నాళ్లకు విన్నారు. పైపు చివర నీళ్లు పడగానే ఒక ముసలావిడ దోసిలి పట్టి, మేము ఎడ్లతో తోడిన నీళ్లూ ఇవేనే అంది నవ్వుతూ.

ఆ రోజు నుంచి పద్ధతి కుదిరింది. ఎవరి మోటారు షాపుకు వెళితే వాళ్ల పొలానికి ఇంజను వెళ్లేది, ఎడ్లబండి మీద. వంతులు గోరీ చూసేది. తనవాళ్లూ పైవాళ్లూ అని లేదు, పొట్ట మీదున్న మడికే మొదటి వంతు. భద్రు తన మోటారును చివర పెట్టుకున్నాడు. ఇంజను నాదైనప్పుడు ముందు నేనే తీసుకుంటే బాగుండదు అన్నాడు.

ఏది అసలు చుక్కో, ఏది నకిలీదో తేల్చడానికి ప్రతి మోటారు మూతా తెరవాల్సి వచ్చింది. లోపల తీగ లావుగా ఉంటే ఆమెది. బీక్యా అనే రైతు ఒక్కడే తెరవనివ్వలేదు. "నా మోటారు కురవిల పాతది కొన్న. చుక్క మా ఇంటామె పెట్టింది. నీది కాదు, పో అక్కా" అని అడ్డంగా నిలబడ్డాడు. బీక్యాకు తాను చుట్టినట్టు ఆమె లెక్కలోనూ లేదు. అయినా ఒక్క నిమిషం ఆ మూత వైపు చూసి వచ్చేసింది.

తర్వాతి రోజులు నా జీవితంలో మంచి రోజులని చెబితే ఎవరైనా నవ్వుతారేమో. జీతం లేదు, బస్సు లేదు, పూటకో పుకారు. కానీ పొద్దున్నే షాపులో నలుగురం కూర్చునేవాళ్లం. రాజలింగం ఉలితో పాత తీగ కోసేవాడు. శిబిరంలో ఉపన్యాసం అయ్యాక భిక్షపతి వచ్చి వెదురు బద్దలు చెక్కేవాడు. మోటారు లోపలి సన్నటి గాళ్లలోంచి తీగ పైకి లేవకుండా ఆ బద్దలతోనే బిగించాలి. నేను గాళ్లలో పరిచే కాగితం కత్తిరించేవాణ్ణి. వంకరగా కత్తిరించానని రోజూ తిట్లు తినేవాణ్ణి. ఆమె చుట్టేది. పాత రాగిని రాజలింగం బైకు మీద జనగామ తీసుకెళ్లి, దానికి బదులు సన్న తీగ తెచ్చేవాడు. దారిలో రాస్తారోకో ఉంటే తనూ దిగి కాసేపు కూర్చుని వచ్చేవాడు. వార్నిష్ పూసిన మోటార్లు గ్రంథాలయం మెట్ల మీదే ఎండేవి, పత్రికల పక్కన. పత్రిక చదవడానికి వచ్చినవాళ్లు వాటిని ఒక్కొక్కటీ ఎండకు తిప్పి పెట్టేవారు. బతుకమ్మ రోజు మాత్రం ఆమె పని ఆపి పూలకు వెళ్లింది. వేళ్లకు అంటిన వార్నిష్‌కు తంగేడు రేకులు అతుక్కుని ఉన్నాయి తిరిగొచ్చినప్పుడు.

దసరా తర్వాత బొగ్గు బావుల్లో పని మొదలైంది. రాజలింగానికి కబురు వచ్చింది. సంచి భుజానికేసుకుని అక్క ముందు నిలబడ్డాడు.

"పోతున్ననక్కా. ఇంకెన్ని ఉన్నయి?"

"ఆరు. నువ్వు నిమ్మలంగ తవ్వు జర. అవి అయ్యేదాక కరెంటు రావద్దు."

"నా ఒక్కని చేతులనే ఉన్నట్టు చెప్తవు" అని నవ్వాడు. ఆ తర్వాతి ఆరింటికీ పాత తీగ కోసింది భిక్షపతే. గొంతు పోయి శిబిరంలో మాట్లాడడం మానేశాడు కాబట్టి తీరిక దొరికింది.

నలభై రెండో రోజు సమ్మె వాయిదా పడింది. శిబిరం విప్పేశారు. తెలంగాణ రాలేదు, వస్తుందో రాదో తెలియదు. రెండు రోజులకు లైన్‌మన్ వచ్చి, శుక్రవారం పొద్దున పది గంటలకు సబ్‌స్టేషనుకు కరెంటు ఇస్తున్నారని చెప్పాడు. అప్పటికి మిగిలింది ఒక్క మోటారు, భద్రుది. మొట్టమొదట చుట్టిందీ అదే. గురువారం రోజంతా ఆమె లెక్క గోడలోంచి వింటూ కూర్చున్నాను. ఈసారి ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. రాష్ట్రం మరో మూడేళ్లకు వచ్చింది. ఆ తర్వాత కరెంటు ఇంకా మెరుగైంది. భిక్షపతి మైకులో చెప్పిందే జరిగింది. మోటార్లు కాలడం తగ్గింది, షాపులో పని పలచబడింది. ఇప్పుడు మానుకోట నుంచి జనగామ వెళ్లే దారిలో అక్కడక్కడా ఎండకు తిరిగి ఉన్న నల్లటి పలకలు కనబడుతున్నాయి. పొగ లేదు, చప్పుడు లేదు. రాజలింగం రిటైరై పెన్షను తీసుకుంటూ అక్క ఇంటి డాబా మీద అలాంటి పలకలు రెండు పెట్టించాడు. "బొగ్గు తవ్వినోడు ఎండను నమ్ముకున్నడు సూడు సారూ" అని ఆమె ఎగతాళి చేస్తుంది. ఆమె షాపు మూయలేదు. మిక్సీలు, కూలర్ల ఫ్యాన్లు బాగుచేస్తుంది. తక్కువే వస్తాయి గానీ, అది చెప్పేటప్పుడు ఆమె ముఖంలో బాధ చూడలేదు. కాలని మోటారే మంచి మోటారని ఆమె లెక్క.

ఆ శుక్రవారానికి వస్తాను. గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు. తొమ్మిదింటికే తండా చేరాను. భద్రు మోటారు అప్పటికే బావి గద్దె మీద బిగించి ఉంది. మూత మీది పాత చుక్కను ఆమె కిరసనాయిలు గుడ్డతో తుడిచేసింది. మిగిలిన ముప్పై మోటార్ల మీదా అలాగే తుడిచిందట. గోరీకి మాత్రం అది నచ్చలేదు. "చుక్క లేకుంటె మోటారు బోడిగ ఉన్నదక్కా" అంది.

"నీ నొసటికి పెట్టుకో. దానికొద్దు."

పది దాటి కొద్దిసేపైంది. కరెంటు రాలేదు. రైతులందరూ మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, కరెంటు రాగానే వాటంతట అవే అందుకుంటాయి. అందరం భద్రు స్టార్టరు డబ్బా వైపే చూస్తూ నిలబడ్డాం. పదకొండు కావస్తుండగా డబ్బా టక్కుమంది. మోటారు తిరిగింది. ఎన్నడూ వినని గొంతుతో తిరిగింది. మూలుగు లేదు, వణుకు లేదు. పైపు నిండా నీళ్లు ఎగిరి దుంకాయి. దూరంగా ఒక్కొక్క బావి దగ్గరా అదే గొంతు. వీరమ్మ మోటారు మీద అరచేయి పెట్టింది. పావుగంట అలాగే ఉంచింది. వేడెక్కలేదు.

"ఎట్లున్నదక్కా?" అన్నాడు భద్రు.

"సల్లగున్నది."

ఆ మాటతో గట్టు మీద అందరూ ఒక్కసారి మాట్లాడసాగారు. గోరీ చాయి పెట్టింది. పదమూడేళ్లు చెడ్డ మోటారిచ్చావా అని అడిగినవాడే ఆమెకు నులకమంచం వాల్చాడు. భిక్షపతికి గొంతు తిరిగి వచ్చింది, ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎడ్లబండి మీద ఉన్న ఆయిల్ ఇంజనును చూపి, దీన్ని మళ్లీ కోళ్లకు ఇచ్చేద్దామా అన్నాడు భద్రు. ఆమె కూడా నవ్వింది. మంచం మీద కూర్చుని, కాళ్లు చాపి, చాయి గ్లాసు చేతిలో పట్టుకుని నీళ్లు పారే మడి వైపు చూస్తూ ఉంది. నలభై రోజుల తర్వాత ఆమె చేతులు ఖాళీగా ఉండడం అప్పుడే చూశాను.

గాలి వాగు వైపు నుంచి తిరిగింది. సన్నగా ఒక వాసన వచ్చింది. నాకు గడ్డి కాల్చినట్టు తోచింది. ఆమె ముక్కు ఎగరేసి గాలిని పట్టింది. వార్నిష్ మాడితే వచ్చే వాసన ఆమెకు నాకంటే ముందే తెలుస్తుంది. వాగు పక్కన బీక్యా పొలం మీద సన్నటి పొగ లేస్తోంది. కురవిలో పాతది కొన్నానన్న మోటారు. కురవి వాళ్ల కోసం ఏ ఏడో చుట్టిన ఆ ఒక్కటి ఆమె గుర్తులోంచి జారిపోయి, ఆ చేయీ ఈ చేయీ మారి ఇక్కడికి వచ్చింది. ముప్పై రెండోది.

భిక్షపతి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. అందరూ అతని వైపు తిరిగి ఉన్నారు.

ఆమె చాయి గ్లాసును మంచం కోడు పక్కన పెట్టింది. మోటార్లు విప్పే పానాల సంచి భుజానికేసుకుంది. నా వైపు కూడా చూడలేదు. గట్టు దిగి, తడి మడుల మధ్య నుంచి వాగు వైపు నడిచింది. ఆమె చాలా దూరం వెళ్లాక గోరీ చాయి గిన్నెతో మళ్లీ వచ్చి, "అక్క యాడవాయె?" అని అడిగింది. భద్రు పొగను చూశాడు. లేచి, ఇంజను ఉన్న బండికి ఎడ్లను కట్టసాగాడు.